పని గురించి అడిగితే

మన ఊరివాళ్లకు ఎవరికైనా అవార్డు వచ్చిందంటే మనం అడిగే ప్రశ్నలు ముందే సిద్ధంగా ఉంటాయి. చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డారు? ఇంట్లోవాళ్లు ఏమనేవారు? ఈ తరానికి మీరిచ్చే సందేశం? పాపం, వాళ్లూ ఓపిగ్గానే చెబుతారు. నాలుగు రోజులు పోయాక ఏ జవాబు ఎవరిదో మనకు గుర్తుండదు. కష్టాలు వింటుంటే అందరివీ ఒకేలా అనిపిస్తాయి. పని మాత్రం ఎవరిది వాళ్లదే.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. జీవితం గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేశాడు. లక్క గురించి అడిగేసరికి హుషారొచ్చింది. గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు పసుపు లక్కపుల్ల ఆనించి చూపించాడు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. "గట్టిగా నొక్కినా చెడిపోద్ది, వదులుగా పట్టినా చెడిపోద్ది బాబూ" అంటూ మొగలి రేకుతో ఓసారి రుద్దాడు. పసుపు నిగనిగలాడింది. ఎంత నొక్కాలన్నది చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు. నా వేలు పట్టుకుని తన అరచేతిలో నొక్కి చూపించాడు.

యాదాద్రి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గురించి చాలామందికి తెలుసు. ఆరో తరగతితో ఆగిన చదువు, నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పే ఆసు పనికి 1999లో ఆయన తయారుచేసిన యంత్రం, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన కథతో సినిమా. అందులో నన్ను పట్టి ఆపేది ఒక్కటే: ఒక్క చీరకు ఆసు పోయాలంటే దారం పట్టిన చెయ్యి కొయ్యల చుట్టూ సుమారు 9,000 సార్లు తిరగాలి. ఆ పని చేసే అమ్మ భుజం నొప్పి చూసి బాధపడని కొడుకు ఉండడు. కానీ ఆ చెయ్యి ఎక్కడ మళ్లుతోంది, దారం ఏ కొయ్య మీదుగా పోతోంది అని చూసే కొడుకులు ఎంతమంది? ప్రేమ ఒక్కటే ఉంటే కన్నీళ్లతో ఆగేది. పనిని అంతలా గమనించబట్టే యంత్రమైంది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడే మొగులయ్య మనకు రెండుసార్లు గట్టిగా గుర్తొచ్చారు. 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఒకసారి, 2024లో కూలిపనికి వెళ్తున్నారని వార్త వచ్చినప్పుడు ఇంకోసారి. మొదట చప్పట్లు కొట్టాం, తర్వాత అయ్యో అన్నాం. ఆయన ఆ కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ మొదలుపెడితే కూర్చుని పూర్తిగా విన్నవాళ్లం ఎందరం?

కష్టసుఖాలు అడగొద్దని కాదు. కూలి గిట్టుబాటవుతోందా, సరుకు ఎవరు కొంటున్నారు, మీ తర్వాత నేర్చుకునేవాళ్లున్నారా అన్నవి తప్పక అడగాల్సినవే. అవీ పని గురించిన ప్రశ్నలే. నాకు పడనిది, మనిషిని ఆదర్శమని పీటమీద కూర్చోబెట్టి, పనిని గుమ్మం బయటే వదిలేయడం. కష్టాల కథ విన్నవాడు కాసేపు కళ్లు తుడుచుకుంటాడు. పని ఎలా చేస్తారో విన్నవాడు ఇంటికెళ్లి తన పనిని ఓసారి పరీక్షగా చూసుకుంటాడు. స్ఫూర్తి అంటే నాకు తెలిసి ఇంతే.

కాబట్టి మీ వీధిలో డప్పు బిగించే మనిషి కనిపించినా, కుండలు చేసే ఇల్లాలు కనిపించినా సందేశం అడక్కండి. ఇదెలా చేస్తారు అని అడగండి. ఓ గంట తీరిక ఉన్నప్పుడే అడగండి, జవాబు మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు.