గంటన్నర దూరం

దూరాన్ని దేనితో కొలవాలి? ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో ఈ ప్రశ్న కేవలం తాత్త్వికం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎందరో వచ్చి ఈ రైల్వే పట్టణంలో స్థిరపడ్డారు. తాల్‌బగీచా అంటే తాటితోపు. వారు విడిచివచ్చిన ఊళ్ళకూ తాటితోపులే గుర్తు.

కలకత్తా నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన సుమారు 770 కిలోమీటర్లు. విమానానికి దాదాపు గంటన్నర. కాని ఖరగ్‌పూర్‌లో పౌర విమానాశ్రయం లేదు. విశాఖకు పోదలచినవాడు ముందు నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కు, దమ్‌దమ్‌కు పోవాలి. గంటన్నర అన్నది రెండు విమానాశ్రయాల నడుమ లెక్కే గాని రెండు గడపల నడుమ లెక్క కాదు.

పూర్వం తండ్రి మరణవార్త తంతిగా వచ్చేది. కొడుకు రైలెక్కి చేరేసరికి దహనం ముగిసినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. దూరమే అతని పక్షాన సాక్ష్యం చెప్పేది. 2013లో తంతి సేవ ముగిసింది. నేడు వార్త క్షణంలో చేరుతుంది. విమానం ఉండగా ఎందుకు రాలేదని బంధువులు అడుగుతారు.

చేయగలిగినదానికే మనిషి బాధ్యుడు. వేగం లోకానికంతటికీ వచ్చినా, టిక్కెట్టు కొనే శక్తి అందరికీ రాలేదు. పింఛనుపై బ్రతికే విశ్రాంత కార్మికుణ్ణి గంటన్నరతో తూచడం అన్యాయం. ఆ శక్తి గలవాడికి మాత్రం దూరం ఇక సాకు కాజాలదు. ఎప్పుడైనా పోవచ్చునన్న ధీమాతో ప్రయాణం వాయిదా వేసి, చివరకు చితి వేళకు మాత్రమే చేరినవాడు ఆలస్యంగానే వచ్చాడు.