ఏనుగుకి పట్టా ఎవరిస్తారు?

మా అప్ప వాళ్ళ పోడు కొండ మలుపులో ఉంటుంది. రెండెకరాలు. కింద మొక్కజొన్న, పైన కంది, అంచుల్లో జీడి మొక్కలు. 2023 వానాకాలం మొదట్లో ఒకరోజు మా బావ సంత నుంచి ఒక చుట్ట ఇనుప తీగ తెచ్చి ఇంటి చూరుకి తగిలించాడు. అది దేనికో నేనడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసింది. అంతకు నెల రోజుల ముందే, మే 12న, మా మన్యం జిల్లాలోనే భామిని మండలం కాట్రగడ్డ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్కచోటే చచ్చిపోయాయి. ఆరింటి గుంపులో మిగిలినవి రెండు. ఆ వార్త విని మా వాళ్ళు కొందరు అయ్యో అన్నారు. కొందరు ఏమీ అనలేదు. ఏమీ అననివాళ్ళలో మా బావ ఒకడు.

"తీగ వద్దు బావా" అన్నాను.

"ఒద్దంటే ఏటి సెయ్యాలి మాస్టారూ? నీకు ఒకటో తారీకుకి జీతం ఒస్తాది. నాకు ఒచ్చేది ఈ పొత్తులే. ఏనుగు నీకు కావాలా? దానికి తిండి మాత్రం నానెట్టాలా?"

బామ్మర్దిని కాబట్టి మాస్టారూ అని ఎగతాళిగా అంటాడు. ఆ రోజు అందులో ఎగతాళి లేదు. నా దగ్గర జవాబు కూడా లేదు. అప్పటి నుంచి ఆ మాట నాతోనే ఉంది. ఏనుగుని కాపాడాలి అనే మాట ఎవరు ఎవరికి చెప్పాలి? ఆ బరువు ఎవరి నెత్తిన పడాలి? ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఏనుగు ఏమిటో చూద్దాం, కోపం పక్కన పెట్టి. పెద్ద ఏనుగుకి రోజుకి నూటయాభై కిలోల దాకా మేత కావాలి, వంద లీటర్లకి పైగా నీళ్ళు కావాలి. అందుకే రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు తింటూ నడుస్తూనే ఉంటుంది. ఒకేచోట కూర్చుంటే ఆ అడవి తినేసి అదే ఆకలితో చస్తుంది. నడవడం దానికి తిరుగుబోతుతనం కాదు, బతుకు. గుంపుకి పెద్ద ఆడ ఏనుగు. నీళ్ళెక్కడున్నాయి, కరువొచ్చిన ఏడు ఎటు పోవాలి, ఏ దారిలో ప్రమాదం, ఇదంతా ఆ ముసలిదాని బుర్రలో ఉంటుంది. కడుపుతో ఇరవైరెండు నెలలు మోస్తుంది. కన్న పిల్లని తల్లి ఒక్కతే పెంచదు, పిన్నమ్మలు, అక్కలు కలిసి పెంచుతారు. మగపిల్లలు ఈడొచ్చాక గుంపు వదిలి పోతారు. చచ్చిన తోటి ఏనుగు దగ్గర ఆగి తొండంతో తడుముతాయి. వెదురు, మర్రి, పనస, జీలుగు చెట్టు మొవ్వు, ఇప్పపువ్వు, అన్నీ దానికి ఇష్టమే. జీలుగు, ఇప్ప మనకీ ఇష్టమే కదా. ఒకే చెట్టు కింద ఇద్దరం చెయ్యి చాపుతున్నాం. గొడవ అక్కడ మొదలవుతుంది, చుట్టరికమూ అక్కడే.

మా వైపు ఇప్పుడున్న గుంపులు ఒడిశా నుంచి వచ్చినవి. గజపతి జిల్లాలో లఖారి లోయ ఉంది, అక్కడి అడవి నుంచి. 1998 ప్రాంతంలో మొదటిసారి శ్రీకాకుళం కొండల్లో దిగాయి. 2007లో మళ్ళీ వచ్చాయి. ఆ తర్వాత పూర్తిగా పోయింది లేదు. సీతంపేట, కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉన్నాయి. కొండ దిగితే తోటపల్లి నీళ్ళున్నాయి, చెరుకుంది, అరటి ఉంది, వరి ఉంది. ఒకసారి ఆ రుచి తెలిసిన పెద్ద ఏనుగు మళ్ళీ వెదురు నమలడానికి ఎందుకు పోతుంది? తరిమారు. పోయినట్టే పోయి వచ్చాయి. మనకి జిల్లా సరిహద్దు ఉంది, రాష్ట్ర సరిహద్దు ఉంది. వాటికి అదంతా ఒకటే కొండ.

మా పెద్దవాళ్ళు అనేవారు, "మా కాలంలో ఏనుగులు లేవు, ఇవి ఎక్కడివో పరాయివి" అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ మా తాత గోడ మీద ఏనుగు ఉండేది.

సవరల ఇళ్ళల్లో గోడ బొమ్మ సంగతి చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో గీస్తారు. సూర్యుడు, చంద్రుడు, చెట్టు, నెమలి, కావడి మోసేవాళ్ళు, గుర్రం మీద మనిషి. వాటి మధ్య ఏనుగు. అది వినోదానికి గీసింది కాదు, పెద్దలకీ దేవతలకీ చేసిన ఇల్లు. మా తాత తన జీవితంలో ఏనుగుని చూడలేదు. ఆయన తండ్రీ చూసి ఉండడు. అయినా తొండం ఎటు వంగాలో, దంతం ఎంత ఉండాలో ఆయన చేతికి తెలుసు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది ఆ గీత? ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఈ కొండ మీద నిలబడి చూసి ఉంటేనే కదా?

చదువుకున్నాక తెలిసింది, ఈ నేల పేరే ఏనుగులతో మోగింది. కళింగ, అంగ దేశాల ఏనుగులు అన్నిటికన్నా మేలైనవని కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాసుంది. తర్వాత కళింగని ఏలిన రాజులు గజపతులమని పేరు పెట్టుకున్నారు. అంటే ఏనుగులు పరాయివి కావు. మధ్యలో కొన్ని తరాలు లేకుండా పోయినవి, తిరిగొచ్చాయి.

ఇక్కడ నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఊళ్ళో దరఖాస్తులు రాసిపెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మన చేతిలో ఉండాలి, దానికి రుజువు చూపించాలి. మన దగ్గర కాగితం ఏముంది? ఏమీ లేదు. కానీ ఆ చట్టం రూల్సులో ఒక మంచి మాట ఉంది. కాగితం ఒక్కటే రుజువు కాదు, సమాధులు, పూజా స్థలాలు, పెద్దల నోటి మాట రాసి పెట్టినా రుజువే. చచ్చిపోయినవాళ్ళకి మనం నిలిపిన రాళ్ళు చూపించాం. ముసలివాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళు చెప్పింది రాసుకున్నాం. "కాగితం పుట్టకముందే మేం ఇక్కడున్నాం" అన్నదే మన వాదన అంతా. ఆ వాదన మీదే మా అప్పకి ఎకరంన్నర పట్టా వచ్చింది. మిగతా అరెకరం ఇప్పటికీ కాగితం లేని భూమే.

మరి ఏనుగు ఏమంటుంది? అదే అంటుంది. కాగితం పుట్టకముందే నేనిక్కడున్నాను. మధ్యలో నన్ను తరిమారు. నా దారులు ఇవి. నా తరఫున పెద్దల మాట కావాలంటే సవరల గోడ మీద చూసుకోండి.

ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా ఊరివాళ్ళు చదివితే ఏమనుకుంటారో అని. కానీ ఎంత తిప్పి చూసినా ఇందులోంచి తప్పించుకునే దారి కనబడలేదు. మన హక్కు మందబలం వల్ల వచ్చింది కాదు, డబ్బు వల్ల వచ్చింది కాదు. ముందు నుంచీ ఉన్నవాడికి ఉండే హక్కు అది. నోరు లేదని, సంతకం పెట్టలేదని, కరువులో కొండ దాటి పోయి వచ్చిందని ఏనుగుకి ఆ హక్కు లేదంటే, రేపు అదే మాట మన మీదకి వస్తుంది. వచ్చింది కూడా. వలస పోయి వచ్చిన కుటుంబాలని "మీరు ఇక్కడ లేరు కదా" అని అడిగినవాళ్ళని నేను చూశాను.

అయితే ఏనుగుదీ మనదీ సమానమైన ప్రాణమా అని అడుగుతారు. మనిషిని తొక్కి చంపిన ఏనుగుని కూడా చుట్టమనే అనాలా? ఈ దేశంలో ఏటా దాదాపు 500 మంది ఏనుగుల వల్ల చచ్చిపోతున్నారు. తెల్లారగట్ల జీడిపిక్కలు ఏరడానికి పోయిన మనిషి తిరిగి రాకపోతే ఆ ఇంటివాళ్ళ ముందు నేను ఈ వ్యాసం చదవను, చదవలేను. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి ఏం చేసినా నేను తప్పు పట్టను. కానీ తీగ వేసేది ప్రాణం కోసం కాదు కదా, పొత్తుల కోసం. పొత్తులకి ధర ఉంటుంది. ధర ఉన్నదాన్ని ఎవరైనా కట్టగలరు. ఎవరు కడుతున్నారన్నదే అసలు లెక్క.

ఆ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉంది. కౌటిల్యుడి రాజ్యంలో ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష. ఏనుగు మీద ప్రేమతో కాదు, యుద్ధానికి కావాలి కాబట్టి. ఇంగ్లీషువాళ్ళు మొదట ఏనుగుని చంపినవాడికి బహుమతులిచ్చారు. తర్వాత దుంగలు లాగడానికి, సైన్యం సామాను మోయడానికి తక్కువ పడతాయని 1873లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏనుగుల రక్షణ చట్టం చేశారు. ఇంకో తొమ్మిదేళ్ళకి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఏనుగుని కాపాడిన చేతే మన చేతిలోంచి అడవిని లాక్కుంది. ఈ రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనవాళ్ళకి ఏనుగు రక్షణ అనగానే ఒళ్ళు ఎందుకు మండుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది. 1992లో ప్రాజెక్ట్ ఎలిఫెంట్ వచ్చింది. 2010లో జాతీయ వారసత్వ జంతువు అన్నారు. డీఎన్ఏ పద్ధతిలో చేసిన కొత్త లెక్కలో దేశంలో 22,446 ఏనుగులున్నాయని తేలింది. ఇవన్నీ మంచివే. కానీ వారసత్వం దేశానిదైనప్పుడు దాని మేత ఖర్చు రెండెకరాల పోడుది ఎలా అయింది? పట్నంలో కూర్చున్నవాడికి ఏనుగు ఉందన్న సంతోషం, కొండ మీద ఉన్నవాడికి ఏనుగు వచ్చిందన్న భయం. సంతోషం ఒకడిది, ఖర్చు ఒకడిది అయినప్పుడు దాన్ని ధర్మం అనడానికి నాకు నోరు రాదు. పరాయి గాదెలోంచి తీసి పెట్టిన దానం అది.

పంట పోతే పరిహారం ఇస్తారు కదా అంటారు. మా అప్ప పంట అంతకుముందు ఏడు పోయింది. దరఖాస్తు పెట్టాం. పట్టా ఉన్న ఎకరంన్నరలో ఎంత పోయిందో రాయమన్నారు. ఏనుగులు తొక్కింది ఎక్కువగా కాగితం లేని అరెకరంలో. "అది మీ భూమి కాదు కదమ్మా" అన్నాడు ఆ గుమాస్తా, మర్యాదగానే. మా అప్ప నవ్వింది. "నాది కాదు, ఏనుగుది కాదు. మరెవరిది బాబూ?" అంది. దానికి ఆయన ఏమీ రాయలేదు.

చిత్తూరు వైపు సంగతి ఇంకోలా ఉంది. అక్కడికి 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులొచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. అడవి ఏనుగులని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులని తెచ్చారు. కుంకీ అంటే మచ్చిక చేసిన ఏనుగు, తన జాతినే తరమడానికి నేర్పింది. ఆ బొమ్మలు పేపర్లో చూసినప్పుడు నాకు ఏజెన్సీ ముఠాదారులు గుర్తొచ్చారు. మనలోంచే ఒకణ్ణి తీసి మన మీదే పెట్టే పద్ధతి పాతదే. కుంకీల వల్ల రైతుకి ఒక రాత్రి నిద్ర దొరికితే దొరకనీ, కాదనను. దారి మూసుకుపోయిన ఏనుగు మాత్రం మళ్ళీ ఆ పొలం మీదకే వస్తుంది.

మన చట్టంలోనే ఇంకో మాట ఉంది, ఎక్కువమంది చదవరు. వన్యప్రాణుల కోసం ఒక చోటు నుంచి మనుషుల హక్కులు తియ్యాలంటే, కలిసి బతికే దారి లేదని ముందు తేలాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. అలా ఖాళీ చేయించిన చోటుని తర్వాత ఇంకో పనికి ఇవ్వకూడదు. అంటే కలిసి బతకడం సాధ్యమా అన్న ప్రశ్న మొదట మన గ్రామసభ ముందుకే రావాలి. ఏ దారి ఏనుగుకి వదలాలి, ఏ మిట్ట మీద ఏ పంట వెయ్యాలి, పంట పోతే కాగితంతో పని లేకుండా ఎంత ఇవ్వాలి, ట్రాకరుగా ఎవరి పిల్లల్ని పెట్టాలి, ఇవన్నీ మనం కూర్చుని అడగాల్సినవి. మా పంచాయతీలో ఇంతవరకు ఆ సభ జరగలేదు. జరిపించమని నేనూ గట్టిగా అడగలేదు, అది నా తప్పే.

బావ సంగతి చెప్పాలి. ఆ రోజు నేను, పోయిన పంటకి డబ్బు నేనిస్తాను, తీగ మాత్రం వెయ్యకు అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "నీ డబ్బు నాకొద్దు. ఏనుగు నీదైతే నువ్వొచ్చి కాపలా కాయి" అన్నాడు. సరే అన్నాను. ఆ సీజనంతా శని, ఆదివారాలు మంచె మీద పడుకున్నాను. ఒక్క రాత్రి మాత్రం వచ్చాయి. చీకట్లో ఏమీ కనబడలేదు, జొన్న విరుగుతున్న చప్పుడు, పొట్టలోంచి వచ్చే ఒక గురగుర. డబ్బా కొట్టాం, మంట వేశాం. నా చేతులు వణికాయి. బావ నా భుజం మీద చెయ్యి వేసి "కదలకు" అన్నాడు. అవి తాపీగా తిని పోయాయి. పొద్దున చూస్తే సగం పంట నేలకి అంటుకుపోయి ఉంది. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక అడుగుజాడ దగ్గర కూర్చుని, అందులో నిలిచిన నీళ్ళలో చెయ్యి పెట్టి కొలిచాడు. "సిన్న గుంట కూడా ఉందిరా దీంతో" అన్నాడు.

తీగ చుట్ట ఇంకా చూరుకే ఉంది, తుప్పు పట్టింది. ఈ ఏడాది కింద చెక్కలో మొక్కజొన్న మానేసి పసుపు వేశాడు. పసుపు ఏనుగు ముట్టదంటారు. పసుపు చేతికి రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. అంతవరకు ఇంట్లో బియ్యానికి అప్ప కూలికి పోతోంది.