తర్వాత పేరేది?

ఒక శనివారం రాత్రి హైదరాబాద్‌లో ఒక చిన్న క్లబ్బులో ప్లే చేస్తున్నాను. పదకొండు దాటింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళంతా ఒక డోలు దెబ్బకి తలెత్తారు. తొమ్మిది సెకన్ల ముక్క అది. దాన్నే తిప్పి తిప్పి, కింద కాస్త బేస్ పెట్టి నాలుగు నిమిషాలు నడిపాను. ఆ రాత్రికి అందరూ బాగా ఊగింది దానికే. సెట్ అయిపోయాక ఒకమ్మాయి వచ్చి అడిగింది. “అన్నా, ఆ డ్రమ్స్ ఏ రికార్డులోవి?”

“రికార్డు కాదు. మా అడవిది” అన్నాను.

తను భలే ఉందంది. నేను నవ్వి డబ్బాలు సర్దుకున్నాను. ఇంటికెళ్ళే దారిలో ఆ మాట నన్ను వదల్లేదు. అడవి డోలు వాయించదు కదా. ఒక మనిషి వాయించాడు. ఆయన పేరు నాకు తెలుసు, వాళ్ళింట్లో టీ తాగాను. అయినా అడగ్గానే నోటికొచ్చింది మనిషి పేరు కాదు, అడవి. పైగా “మా” అడవి! నేను పుట్టి పెరిగింది ఖమ్మం టౌన్లో. అడవితో నాకున్న చుట్టరికమల్లా భద్రాచలం బస్సు కిటికీలోంచి చూడటమే.

ఆ ముక్క నా ఫోన్లోకి ఎట్లా వచ్చిందో చెప్తాను. భద్రాచలం ఊరు తెలంగాణలో ఉంది. ఊరు దాటగానే వచ్చే ఎటపాక 2014 నుంచి ఆంధ్రలో ఉంది. ఆ రోడ్డు చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌ వైపు పోతుంది. ఆ దారిలో ఒక కోయగూడెంలో ఎండాకాలం ఇలవేల్పు కొలుపు జరుగుతుంటే ఒక ఫ్రెండ్ నన్ను తీసుకెళ్ళాడు. కోయల్లో గట్లు ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా. ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ గట్టు, ఎక్కణ్ణుంచి వచ్చారు, వాళ్ళ వేల్పు ఎవరు అన్నది డోలు వాయిస్తూ పాడి చెప్పే వాళ్ళని డోలీలంటారు. పడిగె అనే గుడ్డ మీద కొన్ని బొమ్మలుంటాయి. మిగతా చరిత్రంతా వాళ్ళ గొంతులోనే. మణుగూరు దగ్గరి కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. 2024 జూన్‌లో ఆయన పోయారు.

నేను వెళ్ళిన గూడెంలో వాయించింది ఆయన కాదు. డెబ్బై దాటిన ఒక తాత. పాటలో ఒకచోట గొంతు ఆగి డోలు ఒక్కటే మోగింది. నాలాంటి వాడికి అది చాలు. మా భాషలో దాన్ని బ్రేక్ అంటారు. ఫోన్ బయటికి తీసేశాను.

ఆ చెవి నాకు రికార్డుల వల్ల వచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో మైక్‌సెట్ బాబాయ్ ఒకాయన ఉండేవాడు. పెళ్ళిళ్ళకీ పందిళ్ళకీ ఆయన సెట్టే. క్యాసెట్లు వచ్చాక ఆయన రికార్డులన్నీ అటకెక్కాయి. ఇంటర్ సెలవుల్లో అవి దింపి తుడిచిపెడితే కొన్ని నాకే ఇచ్చేశాడు. తర్వాత హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, కోఠి, ఎక్కడ పాత ప్లాస్టిక్ కుప్ప కనపడితే అక్కడ కూర్చున్నాను. ఎంపీ3లు ఫ్రీగా దొరుకుతుంటే వైనల్ పిచ్చేంట్రా అని అడుగుతారు. నేనెప్పుడూ ఒకే జవాబు చెప్పేవాణ్ణి: రికార్డు మీద పేర్లుంటాయి. సినిమా ఎవరిది, రాసిందెవరు, పాడిందెవరు, స్వరం కట్టిందెవరు, అన్నీ ఆ గుండ్రటి లేబుల్ మీద ఉంటాయి. పాటకి ఊరూ పేరూ ఉన్నట్టనిపిస్తుంది.

అందులో సగమే నిజం. ఆ లేబుల్ మీద డోలక్ వాయించిన వాడి పేరు ఎప్పుడూ చూడలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, వైనల్ రాకముందు 78 తిరుగుళ్ళ రికార్డుల్లో వాడింది లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే లక్కని అడవుల్లో జనం గీకి అమ్మితే, దాంట్లో రాతిపొడీ మసీ కలిపి అచ్చేసిన పళ్ళేలవి. అంటే ఒకప్పుడు రికార్డు నిజంగానే అడవిది. లక్క గీకిన వాళ్ళ పేర్లు మాత్రం ఏ లేబుల్ మీదా లేవు.

మా విద్య పుట్టుకలోనే పేరు దాచడం ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో, చెల్లెలు సిండీ పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ ప్లే చేశాడు. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. పాటలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోట జనం ఎక్కువ ఎగురుతున్నారని ఆయన గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఆ కాసేపటినే మళ్ళీ మళ్ళీ తిప్పి పొడిగించాడు. అదే హెర్క్ తన రికార్డులు పోటీవాళ్ళకి తెలియకుండా లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడబెరికేవాడు. అతనికి అది వ్యాపార రహస్యం. గ్రెగరీ కోల్‌మన్‌కి జరిగింది చూస్తే ఇంకోలా అనిపిస్తుంది. 1969లో ది విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో ఆయన వాయించిన ఏడు సెకన్ల డ్రమ్స్ వేల పాటల్లోకి వెళ్ళాయి. ఆయనకి వాటి మీద ఒక్క డాలరు రాలేదు. 2006లో పోయేనాటికి ఆయనకి ఉండటానికి ఇల్లు కూడా లేదు. 2015లో అభిమానులు 24,000 పౌండ్లు చందా వేసి బృందం నాయకుడికి ఇచ్చారు. డ్రమ్మర్ అప్పటికే లేడు.

చట్టం ఏమంటుందని చూస్తే, అది కూడా లేబుల్ ఉన్నవాళ్ళ మాటే వింటుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాట ‘అడిక్టివ్’లో 1981 నాటి హిందీ సినిమా ‘జ్యోతి’లో లత పాడిన పాట ముక్క వినిపించింది. స్వరకర్త బప్పీ లహరి లాస్ ఏంజెలెస్‌లో కేసు వేశాడు. ఆయన పేరు వేయకుండా అమ్మొద్దని కోర్టు చెప్పింది. ఆయనకి చూపించుకోవడానికి ఒక రికార్డు ఉంది. మన కాపీరైట్ చట్టంలో 1994 నుంచి ప్రదర్శకుడి హక్కు అని ఒకటుంది. గాయకుడి దగ్గర్నుంచి పాములవాడి దాకా అందులో లెక్కే. కాబట్టి తాతకీ హక్కుంది, కాగితం మీద. కానీ ఆ తాత వాయించింది ఆయన సొంతది కాదు. ఒక ఇంటిపేరు వాళ్ళది, ఒక గట్టుది. ఆ హక్కు రాయడానికి చట్టంలో గడే లేదు.

ఇక్కడిదాకా వచ్చాక నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది. చెడ్డదేం కాదు. సంగీతం ఎప్పుడూ చేతులు మారుతూనే బతికింది. ఎవరూ తీసుకోకపోతే చచ్చిపోతుంది. ఆ గూడెం పోలవరం ముంపు లెక్కలో ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు ఆ ఊళ్ళకి పోలవరం నిండకముందే ముంపు రుచి తెలిసింది. రేపు ఊరు లేకుండా పోయినా నా దగ్గర ఆ డోలు ఉంటుంది కదా? నేను దొంగతనం చేయలేదు, కాపాడాను.

ఈ సమాధానం జేబులో పెట్టుకునే మళ్ళీ వెళ్ళాను. డబ్బులు ఇద్దామని, పర్మిషన్ అడుగుదామని. తాత చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, నేను క్లబ్బులో ప్లే చేసింది వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. నిమిషం తర్వాత కళ్ళు తెరిచాడు.

“తర్వాత పేరేది?” అన్నాడు.

“ఏం పేరు తాతా?”

“డోలు ఆగితే పేరు రావాలె బిడ్డా. తర్వాత ఎవరని. నీది ఆగుతలేదుగా.”

నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. పాటలో ఆ డోలు ఖాళీ జాగా కాదు. ఒక తరం పేరు చెప్పడం అయిపోయాక, తర్వాతి తరం పేరు తలుచుకోవడానికి పాడేవాడు తీసుకునే ఊపిరి. వింటున్న ఆ ఇంటివాళ్ళు అప్పుడు తమ తాత పేరు కోసం ఎదురు చూస్తుంటారు. నేను ఆ ఎదురుచూపుని కోసి, ముందు పేరూ వెనక పేరూ పారేసి, ఎప్పటికీ పేరు రాకుండా తిప్పాను. కాపాడానని చెప్పుకున్న దాంట్లో కాపాడాల్సింది తప్ప అన్నీ ఉన్నాయి.

“అయితే ఆ పేరు కూడా పెడతా తాతా, ఈసారి పాట మొత్తం రికార్డు చేస్తా” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ పేర్లు ఆ ఇంటోళ్ళ ముందరే చెప్పాలంట, వేల్పు ముందర. తాగి ఎగిరే చోట కాదు. డబ్బులు మాత్రం తీసుకున్నాడు. డోలుకి కొత్త తోలు వేయించాలన్నాడు. వాయించొద్దని అనలేదు. వాయించుకోమని కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు భద్రాచలంలో బస్సు కోసం రెండు గంటలు కూర్చున్నాను. గుడి మైకులో రామదాసు కీర్తన వస్తోంది. మా జిల్లావాడే, నేలకొండపల్లి కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణా తహశీల్దారుగా వసూలు చేసిన శిస్తుతో అడక్కుండా గుడి కట్టించి, తానీషా జైల్లో పడ్డాడు. ఆ జైల్లో పాడిన పాటగా చెప్పుకునే ఒకదాంట్లో ఏ నగకి ఎంతయిందో రాముడికి లెక్క అప్పజెప్తాడు. మనం దాన్ని భక్తి అంటాం. అది పద్దు కూడా. ఎవరి సొమ్ము దేనికి వాడాడో పాటలోనే ఒప్పుకున్నాడు. కథలో చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపిస్తారు. దేవుడైనా బాకీ తీర్చకుండా పోలేదన్నమాట. కానీ ఆ మొహరీలు చేరింది తానీషాకి. శిస్తు కట్టిన పాల్వంచ రైతులకి కాదు. ఆ కథ వందసార్లు విని ఉంటాను. ఆ రైతులు గుర్తుకొచ్చింది మాత్రం ఆ బస్టాండ్లోనే.

అందుకే ఇప్పుడు నాకు “దొంగతనమా, కాదా” అన్న ప్రశ్న సరిపోవట్లేదు. దొంగతనమైతే తిరిగిచ్చేస్తే అయిపోతుంది, డబ్బు కడితే అయిపోతుంది. ఇది అప్పు. అప్పులో రెండు పేర్లుంటాయి, ఇచ్చినవాడిదీ తీసుకున్నవాడిదీ. అది తీరనంత కాలం ఆ రెండు పేర్లూ కలిసే ఉంటాయి. “మా అడవిది” అన్నప్పుడు నేను చేసింది అప్పుపత్రంలో అవతలి పేరు కొట్టేయడం. తీసుకోవచ్చా అన్నది ఎవరికి బాకీ పడ్డానో తెలిసినప్పుడే అడగదగ్గ ప్రశ్న.

దీనివల్ల నేను శాంపిల్ చేయడం మానలేదు. అట్లా మానితే మా విద్యే లేదు. సెట్ అయ్యాక ఏ ముక్క ఎవరిదో, తెలిసినంతవరకు వాయించినవాళ్ళ పేర్లతో సహా లిస్టు పెడుతున్నాను. హెర్క్ చూస్తే పిచ్చోడంటాడేమో. ఆ తొమ్మిది సెకన్లు మాత్రం తీసేశాను. చాలాసార్లు చేయి అటే పోతుంది, ఎందుకంటే ఈరోజుకీ నా దగ్గరున్న వాటిలో అంత మంచి బ్రేక్ ఇంకోటి లేదు. పేరు పెట్టి ప్లే చేయలేను, పేరు లేకుండా ప్లే చేయకూడదని తెలిసింది. అది ఒక పెన్‌డ్రైవ్‌లో, రికార్డుల షెల్ఫులోనే ఉంది. మీద కాగితం అంటించి ఆయన పేరు, గూడెం పేరు, ఏ గట్టు, తేదీ రాశాను. ఈ వ్యాసంలో ఆయన పేరు లేకపోవడం మీరు గమనించే ఉంటారు. రాయనా తాతా అని అడిగాను. “పేరు చెప్పేది పాటకాడ. కాయితంలో ఎందుకు?” అన్నాడు.

మొన్న ఆ అమ్మాయి మళ్ళీ కనపడింది. ఆ డ్రమ్స్ ఎందుకు ప్లే చేయట్లేదని అడిగింది. ఎండాకాలం కొలుపు ఉంటుంది, నేనూ వెళ్తున్నాను, వస్తే డోలు ఆగాక ఏం వస్తుందో వినొచ్చని చెప్పాను. ఎక్కడ అని అడిగింది. ఈసారి ఊరి పేరు చెప్పాను.