ఎవరి గొంతు తగ్గించాలి?

“రాముడికి చెవుడనుకున్నావేంట్రా, అన్ని మీటలు ముందేసుకు కూచున్నావు?” అని ఏకాహం జరిగినప్పుడల్లా మా చినబాబాయి అడుగుతాడు. నవ్వులాటకే అంటాడు గానీ ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. ఇరవైనాలుగు గంటలు తెగకుండా సాగే నామానికి శ్రోత దేవుడే అయినప్పుడు మిక్సింగ్ దేనికి? గర్భగుడిలో ఉన్నాయనకు ఎవరి గొంతూ తక్కువగా వినపడదు. శ్రుతి తప్పిందని ఆయన మొహం తిప్పుకోడు.

కానీ మా రామాలయం ఏకాహం యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంది. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మా ఊరి పిల్లలు ఫోన్లో వింటారు. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్పాడు. వాటిలో మొదటిది శ్రవణం, కీర్తనం రెండోది. అంటే వినేవాడు పాడేవాడి వెనకాల నిలబడ్డవాడేం కాదు, వినడమే ఒక పూర్తి సాధన. ఆ లెక్కన డాలస్‌లో వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని వింటున్న అమ్మాయి కూడా ఏకాహంలో కూర్చున్నట్టే. నామం ఆమె చెవికి సరిగ్గా చేరకపోతే దేవుడికి వచ్చే లోటేమీ లేదు. లోటంతా ఆమె సాధనకే.

మండపంలో వినపడేదీ వైర్లలో వెళ్లేదీ ఒకటి కాదు. డోలక్, తాళాలు మైకు లేకుండానే మండపాన్ని నింపేస్తాయి కాబట్టి వాటిని స్పీకర్లకు దాదాపు ఇవ్వం. అదే మిక్స్‌ని నేరుగా లైవ్‌లోకి వదిలితే అక్కడ హార్మోనియం, ముందు పాడేవాడి గొంతు తప్ప ఇంకేమీ ఉండదు. వంత పాడే జనమంతా మాయమవుతారు. అందుకని మిక్సర్ నుంచి ఒక్కో మైకునూ విడివిడిగా యూఎస్‌బీలో లాప్‌టాప్‌కు తీసుకుని, జనం వైపు తిప్పిన మరో మైకును కలిపి, రీపర్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో లైవ్ కోసం వేరే మిక్స్ చేస్తాను. దాన్ని నడిపేది కోర్గ్ నానోకంట్రోల్2. మూరెడు కూడా లేని పలక, దాని మీద ఎనిమిది ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిపే మీటలు.

ఈ పలకలోంచి శబ్దమేదీ వెళ్లదు. సింథసైజర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ఇది పనిచేస్తుంది. అందులో వెళ్లేవి అంకెలే. ఫేడర్ అడుగున ఉంటే 0, పైకొసన ఉంటే 127. ‘మూడో ఫేడర్, 96’ అని చెప్పి ఊరుకుంటుంది. మరి గొంతు పెంచిందెవరు? గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. ఆపైన, తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదంటుంది. నా మిక్సింగ్‌లో కరణం ఈ పలక, చేష్ట వేలి కదలిక. నెట్టు తెగకుండా నిలబడటం చాలావరకు దైవం. సౌండు బాగా కుదిరిందని ఎవరైనా మెచ్చుకుంటే అందులో నా వాటా ఐదోవంతే. అయితే ఆ ఐదింటిలో కర్త కూడా ఉన్నాడు. ఎవరి గొంతు ఎంత వినపడాలో వేలు పెట్టి తేల్చేది నేనే. అంతా ఆయనే చేయిస్తున్నాడని తప్పుకోవడానికి ఆ శ్లోకం దారి ఇవ్వదు.

మౌస్‌తో అయితే ఒకసారికి ఒక గొంతే కదులుతుంది, కళ్లు తెర మీదే ఉండిపోతాయి. ఫేడర్లుంటే ఒక చేత్తో తాళాలు దించుతూ రెండో చేత్తో వంత పెంచొచ్చు. చూపు పాడేవాళ్ల మీద ఉంటుంది గనుక ఎవరు ఊపిరి తీసుకుంటున్నారో, నామం ఎవరు అందుకోబోతున్నారో ముందే తెలుస్తుంది. ఈ పలకకు మోటార్లు లేవు. ఫేడర్ ఒకచోట, తెర మీద విలువ ఇంకోచోట ఉండిపోతే తాకగానే శబ్దం ఎగిరిపడుతుంది. దానికి విరుగుడు సాఫ్ట్ టేకోవర్. ఫేడర్ వెళ్లి ఆ విలువను అందుకునేదాకా ఏమీ మారదు. ఒకరి గొంతు మార్చాలంటే ముందు అది ఉన్నచోటికి నేను వెళ్లాలన్నమాట.

అసలు చిక్కు తెల్లవారుజామున. మూడింటికి మండపంలో నలుగురైదుగురు మిగులుతారు. చినబాబాయి వంతు అప్పుడే. బొంగురు గొంతు, హార్మోనియం ఒక దారి, ఆయనదొక దారి. “ఆటోమేటిక్‌లో పెట్టేసి పడుకో అన్నయ్యా” అంటారు కుర్రాళ్లు. నాయిస్ గేట్ అని ఉంది. శబ్దం మనం పెట్టిన మట్టం కంటే తగ్గితే మైకు మూసేస్తుంది. దానికి అలిసిన ముసలి గొంతూ ఫ్యాను హోరూ ఒకటే. మండపంలో తెగని నామం లైవ్‌లో తెగిపోతుంది. అందుకే గేటు తీసేసి నేనే కూర్చుంటాను.

శ్రుతి తప్పిన గొంతు వినేవాళ్ల మనసు చెదరగొట్టదా? చెదరగొడుతుంది. అందుకే తగ్గిస్తాను. తగ్గించడం వినేవాడికి చేసే సేవ. సున్నా చేస్తే మాత్రం పాడేవాడి సాధనను లేదన్నట్టే. ఖాళీగా ఉన్న మైకును మూస్తాను, అది వేరే సంగతి. నామం పలుకుతున్న మైకుకు మాత్రం 1 నుంచి 127 దాకా బోలెడు చోటుంది. కీర్తనానికీ శ్రవణానికీ కలిపి న్యాయం చేయగలిగింది ఆ చోటులోనే.

లైవ్ పెట్టే భజన సమాజాలకు నేను చెప్పేదొక్కటే. ఈ పని గేట్లకు అప్పగించకండి. నామం తెలిసిన మనిషిని ఫేడర్ల దగ్గర కూర్చోబెట్టండి. పాడుతున్న ఏ గొంతునూ సున్నాకు దించొద్దని అతనికి ముందే చెప్పండి.