హస్తపాశం, తెర: గృహస్థుని జెన్ సాధనలో సంఘ ప్రశ్న

జెన్ మఠం అందుబాటులో లేని ఊళ్ళో నివసించే సాధకునికి నేడొక మార్గం ఉన్నది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిర్చి పల్లెలలోని ఏ గదిలోనైనా కూర్చుని, అంతర్జాలం ద్వారా దూరదేశపు బృందంతో కలిసి అతడు ధ్యానం చేయవచ్చును. 2020లో కోవిడ్ కారణంగా మఠాలు తలుపులు మూయగా ఈ పద్ధతి విస్తరించింది. కాలభేదం చిన్నది కాదు. కాలిఫోర్నియాలో వేసవి ఉదయం 6 గంటలకు మోగే గంట గుంటూరులో సాయంత్రం 6.30కి వినబడుతుంది; జపాన్‌లోని 5 గంటల ప్రాతఃకాల ధ్యానానికి ఇక్కడ అర్ధరాత్రి దాటి 1.30. ఈ అసౌకర్యాన్ని ఓర్చుకోవచ్చును. అంత సులభంగా తేలని ప్రశ్న వేరొకటి ఉన్నది. తెర మీద కూడిన ఆ సమూహం సంఘమగునా? త్రిశరణాలలో మూడవది సంఘం కనుక ఇది కేవలం పేరుకు సంబంధించిన తగవు కాదు. దేనిని శరణు వేడుతున్నాడో సాధకుడు తెలుసుకోవలసి ఉన్నది.

ఈ నేలకు ఆ ప్రశ్న పరాయిది కాదు. జెన్ గురుపరంపర నాగార్జునుని 14వ ఆచార్యునిగా లెక్కిస్తుంది. ఆయన పేరుతో ప్రసిద్ధమైన కొండ వద్ద లభించిన ఇక్ష్వాకు శాసనాలలో మాత్రం ఆయన ప్రస్తావన లేదు. పరంపర చెప్పేది, శిల చెప్పేది ఒకటి కానక్కరలేదు. ఆ శాసనాలలో వేరొక విషయం ఉన్నది. వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షంలో ఉపాసిక బోధిసిరి, తామ్రపర్ణి ఆచార్యుల కోసం చైత్యగృహాన్ని నిర్మింపజేసింది. కాశ్మీర, గాంధార, చీనాది దేశాలను ధర్మంలోకి తెచ్చినవారిగా ఆ శాసనం వారిని కీర్తిస్తుంది. సముద్రాలు దాటిన ఆ సంఘానికి కూడ విజయపురిలో ఒక కప్పు అవసరమైంది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు కుటుంబసమేతంగా పూర్ణఘట ఫలకాన్ని సమర్పించినట్లు మరొక శాసనం తెలుపుతుంది. నాటి గృహస్థుడు సంఘాన్ని పోషించాడు. భిక్షువుల కర్మలలో మాత్రం సభ్యుడు కాలేదు. తెర మీది బృందం గృహస్థుని నేరుగా లోపలికి పిలుస్తున్నది. కనుక భిక్షు నియమాలు అతనిని చట్టంగా బంధించవు. ఆ నియమాల వెనుకనున్న ఆలోచన మాత్రం ఇక్కడ ఉపకరిస్తుంది.

పాళీ వినయ సంప్రదాయంలో సాన్నిధ్యానికి కొలత ఉన్నది. సంఘకర్మలో భిక్షువులు ఒకరికొకరు హస్తపాశంలో, అనగా రెండున్నర మూరల లోపల, ఉండాలని అట్ఠకథలు నిర్దేశిస్తాయి. ఈ ఒక్క నియమాన్ని పట్టుకుంటే చర్చ ఇక్కడితో ముగిసి తెర ఓడిపోతుంది. కాని మహావగ్గంలోని ఉపోసథ ఖంధకం అంతటితో ఆగదు. రోగియైన భిక్షువు తన పరిశుద్ధిని మరొక భిక్షువు ద్వారా పంపవచ్చును. మాటలాడలేకపోతే శరీర సంజ్ఞ చాలును. అదీ సాధ్యం కాకుంటే అతనిని మంచంతో సహా సంఘమధ్యానికి మోసుకొని రావాలి. కదిలిస్తే రోగం ముదురుతుందని పరిచారకులు భావిస్తే, సంఘమే అతని వద్దకు వెళ్ళి ఉపోసథం జరపాలి. అతనిని విడిచి జరిపితే అపరాధం.

ఈ క్రమంలో దూరం అనుమతింపబడింది, ఉపేక్ష అనుమతింపబడలేదు. రానివాని భారం వచ్చినవారి మీద పడింది. హస్తపాశపు కొలత కంటె ఈ భారమే సంఘ లక్షణానికి దగ్గరగా ఉన్నదనడం సమంజసం. తెర మీది బృందాన్ని కూడ ఇక్కడే పరీక్షించాలి. నలభై చతురస్రాలలో ఒకటి వరుసగా నాలుగు రోజులు కనిపించకపోతే అడిగేవారెవరు? కొన్ని బృందాలలో అడుగుతారు. అడగని చోట జరిగేది ఏకకాలంలో అనేకుల ఏకాంతం. అది నింద్యం కాదు, కాని శరణం అనదగినదీ కాదు.

జెన్ వైపునుంచి రాదగిన ఆక్షేపణ ఒకటి ఉన్నది. 13వ శతాబ్దపు దోగెన్ గురుశిష్యుల ముఖాముఖి సంక్రమణకు ప్రత్యేక ప్రకరణమే కేటాయించాడు; తెర ముఖాన్ని చూపుతుంది గాని దానిని ముఖాముఖి అనగలమా? గురుశిష్య సంక్రమణ విషయంలో ఈ సందేహం బలమైనదే. నిత్య ధ్యానానికి వచ్చేసరికి పలచబడుతుంది. సోతో సంప్రదాయంలో సాధకుడు గోడవైపు తిరిగి కూర్చుంటాడు. మఠంలోనూ అతడు ప్రక్కవాని ముఖాన్ని చూడడు. ఊపిరిని, వస్త్రపు కదలికను, ఎవరో ఆపుకోలేని దగ్గును వింటాడు. తెరలో ధ్వనిని మూసివేయడం మర్యాదగా స్థిరపడింది. పోయినది చూపు కాదు, ఆ దగ్గు.

మఠజీవితంలో ధ్యానం ఒక భాగమే. బైజాంగ్ వృద్ధాప్యంలో శిష్యులు జాలిపడి పనిముట్లు దాచగా, పని లేని దినాన ఆయన భోజనం మానినట్లు చాన్ సంప్రదాయం చెబుతుంది. పొలం, వంటశాల, ఊడ్పు కూడ సాధనలే. ఇంట సాధకునికి కూర్చోవడం తెర మీద, పని ఇంట్లో. మాఘ ఫాల్గుణాలలో మిరపకోతలు సాగుతుండగా, కల్లంలో ఆరబోసిన కాయను సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి పట్టా కప్పాలి. దూరదేశపు గంట సుమారుగా ఆ వేళకే మోగుతుంది. అతడు తలుపు మూసుకుంటే ఆ పట్టా అంచును భార్యో, తల్లో, కూలిమనిషో పట్టుకోవాలి. బృందానికి అతని నిశ్చలమైన వెన్ను కనిపిస్తుంది, కల్లం కనిపించదు. ఇంటివారికి కల్లం తెలుసు. ఆ మౌనంలో ఏమి జరుగుతున్నదో తెలియదు. రెండింటినీ ఒకేసారి చూసే కన్ను లేదు. మఠంలో ఆ కన్ను ఉన్నది; ఉదయం చక్కగా కూర్చుని మధ్యాహ్నం చీపురు తప్పించుకున్నవానిని అది పట్టుకుంటుంది.

అందుచేత ఈ సాధకుని సంఘం రెండు ముక్కలై ఉన్నదనాలి. తెర మీది ముక్కకు అతని గైర్హాజరీని ప్రశ్నించే బాధ్యత ఉన్నది. ఇంటి ముక్కకు ఆ ప్రశ్న వేసే హక్కు ఏనాటినుండో ఉన్నది. సాధకుడు దానిని సాధనకు అంతరాయమని పిలవడమే చిక్కు. కల్లంనుంచి వచ్చిన పిలుపు ఉపోసథానికి వచ్చిన పిలుపుతో సమానమని అతడు అంగీకరించగలడా అన్నది ఏ బృంద నియమావళి తేల్చగలిగినది కాదు.

పరిశుద్ధిని మోసుకొని వెళ్ళే భిక్షువు విషయంలో ఖంధకం మరొక వివరం చేర్చింది. అతడు దారిలోనే వెడలిపోతే ఆ పరిశుద్ధి చేరనట్లే. సంఘం వద్దకు చేరి, అక్కడ నిద్రపోయి, చెప్పకుండా ఉండిపోయినా చేరినట్లే. అతనికి దోషం లేదు. చెప్పగలిగి కావాలని చెప్పకపోతే మాత్రం పరిశుద్ధి చేరుతుంది, దోషం అతనికి మిగులుతుంది.