ఇంటి గుట్టు చెప్పినవాళ్లు

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అనే సామెతతో తెలుగువాళ్లు తప్పంతా విభీషణుడి నెత్తిన వేశారు. వాల్మీకి కథ అలా లేదు. విభీషణుడు ముందుగా వెళ్లింది శత్రువు దగ్గరికి కాదు. అన్న కొలువులోనే, అందరూ వింటుండగా, సీతను అప్పగించమన్నాడు. రావణుడు తూలనాడాకే నలుగురు అనుచరులతో సముద్రం దాటాడు. లంక చెడింది గుట్టు బయటపడినందుకా, కొలువులో చెప్పిన మాట చెవినెక్కనందుకా?

నెల్లూరు జిల్లా ఉదయగిరి నియోజకవర్గంలో, కలిగిరి మండలం దూబగుంటలో గుట్టు విప్పినవాళ్లు ఆడవాళ్లే. 1990ల మొదట్లో కూలిపనులు ముగించుకుని రాత్రి బడికి వచ్చి పలకా బలపం పట్టారు. వాచకంలో ఒక పాఠం సారా పాడుచేసిన కాపురం గురించి. దాని పేరు ‘సీతమ్మ కథ’. (అక్కడా సీతమ్మే!) చదివినవాళ్లు అక్షరాల దగ్గర ఆగలేదు. కూలి డబ్బులు సారా కొట్టుకు ఎలా పోతున్నాయో, రాత్రిళ్లు ఒంటి మీద దెబ్బలెలా పడుతున్నాయో ఒకరికొకరు చెప్పుకున్నారు. పరువు పోతుందని ఎవరింట్లో వాళ్లు దాచుకున్నదంతా చూస్తే ఊరందరి గుట్టూ ఒకటే. 1992లో వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్లో సారా అమ్మకం ఆగింది.

నోరు విప్పినందుకు ఇంట్లో మగవాళ్ల కోపం, బయట కాంట్రాక్టర్ల మనుషుల బెదిరింపులు. అయినా ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు సాగలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లోనే సడలిపోయింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

మాట నిజమై ఉండాలి, వినేవారిని కలవరపెట్టకూడదు, ప్రియంగానూ హితంగానూ ఉండాలి. వాక్కుతో చేసే తపస్సుకు భగవద్గీత పదిహేడో అధ్యాయం పెట్టిన కొలతలివి. దూబగుంట మాట కాంట్రాక్టర్లను కలవరపెట్టింది, సర్కారు ఖజానానూ కలవరపెట్టింది. మరి తపస్సు కాకుండా పోతుందా? ధృతరాష్ట్రుడితో విదురుడు చెప్పినవీ చెవికి ఇంపైన మాటలు కావు. ఆ మాటలున్న ఉద్యోగపర్వాన్ని తెనిగించిన తిక్కన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. ఏలినవారికి హితం చెప్పడమెంత కష్టమో ఆయన వ్యాసుణ్ని చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

రాజకీయాల్లోనూ సూటి మాటకు వెల ఉంది. 2023 మొదట్లో వెంకటగిరి ఎమ్మెల్యేగా ఉన్న ఆనం రామనారాయణరెడ్డి సొంత ప్రభుత్వాన్నే బహిరంగంగా తప్పుపట్టారు. మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల క్రాస్ ఓటింగ్ ఆరోపణపై ఆయననూ, ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖరరెడ్డినీ, మరో ఇద్దరినీ వైసీపీ సస్పెండ్ చేసింది. మరుసటి ఏడాది ఆనం తెలుగుదేశం తరఫున ఆత్మకూరులో గెలిచి దేవదాయ శాఖ మంత్రి అయ్యారు. పడిన వేటు నిజమే, తలుపు తీసిన మరో పార్టీ ఉన్నదీ నిజమే. దూబగుంట ఆడవాళ్లకు అలాంటి వీలు లేదు. బడి వదిలాక వాళ్లు వెళ్లాల్సింది, ఏ మొగుడి సంగతి నలుగురిలో చెప్పారో ఆ మొగుడున్న ఇంటికే.