లెక్క పెరిగినప్పుడు, లెక్క తగ్గినప్పుడు

ధ్యానభాగము: యోహాను సువార్త 6వ అధ్యాయము



యోహాను సువార్త ఆరవ అధ్యాయము మొదట ఐదువేలమంది పురుషులు పచ్చికమీద కూర్చుండి రొట్టెలు తినుచున్నారు. ఆ అధ్యాయము ముగియునప్పటికి పన్నెండుమంది మిగిలియున్నారు. వారిలోను ఒకడు ప్రభువును అప్పగింపబోవువాడు. ఈ నడుమ బోధకుడు మారలేదు, ఆయన శక్తియు తరుగలేదు. రొట్టెకొరకు వచ్చినవారికి మాట ఎదురైనది. ఆ మాట కఠినమని తోచి అనేకులు వెనుకకు మరలిరి. ప్రభువు వారిని నిలుపుకొనుటకై మాటను మెత్తన చేయలేదు. అంతకుముందు వారు తన్ను రాజుగా చేయవలెనని చూచినప్పుడును, ఆయన ఆ సమూహమును విడిచి ఒంటరిగా కొండకు వెళ్లెను.

ఉపదేశిగాని, సంఘపెద్దగాని, సండేస్కూలు బోధించువారుగాని, స్త్రీల సమాజము నడుపు తల్లులుగాని, సేవచేయు ప్రతివారిని ఈ అధ్యాయము ఒక ప్రశ్న అడుగుచున్నది. వినవచ్చువారు ఎందరో చూచి మన పనికి విలువ కట్టవచ్చునా?

మన పల్లెలలో ఇది ఊరక చర్చించుకొను ప్రశ్న కాదు. క్రిస్మసునాడు గుడి చాలక బయట షామియానా వేయుదుము. సంవత్సరాంతపు రాత్రి కూడికకు బిడ్డలను చంకనెత్తుకొని పొరుగు పల్లెలనుండియు వత్తురు. మిరపకోతలు వచ్చునప్పటికి కుటుంబములకు కుటుంబములే మూటలు కట్టుకొని పోవును. యౌవనస్థులు కట్టుబడి పనులకై హైదరాబాదు, బెంగుళూరులకు తరలుదురు. ఆదివారమున సగము చాపలు పరచనక్కరయే ఉండదు. అప్పుడు పెద్దలు కానుకల లెక్క చూచుకొని, "అయ్యగారూ, జనము పలచబడుచున్నారు, ఏదైనను చేయవలెను" అందురు.

ఆ "ఏదైనను" అను మాటలోనే శోధన యున్నది. ఫోనులో పెట్టిన ప్రసంగమును ఎందరు చూచిరో సాయంత్రములోగా అంకె కనబడు ఈ దినములలో ఆ శోధన మరింత బలపడినది. ధనాశీర్వాదమును గూర్చి చెప్పిన దినమున అంకె పెరుగును. కట్నము అడుగుట, అప్పు ఎగవేయుట, కులము చూచి పిల్లనిచ్చుట పాపమని చెప్పిన దినమున అది తరుగును. అంకెను యజమానునిగా చేసికొనినవాడు కొంతకాలమునకు ఈ రెండవ విధమైన ప్రసంగము మానివేయును. మానుమని అతనితో ఎవరును చెప్పనక్కరలేదు.

అయితే లెక్కించుట పాపమా? కాదు. ఇశ్రాయేలీయులను లెక్కింపుమని దేవుడే మోషేతో చెప్పెను. పెంతెకొస్తు దినమున చేరినవారు ఇంచుమించు మూడువేలమంది అని లూకా వ్రాసెను గనుక, ఎవరో ఒకరు లెక్క చూచియే యుందురు. నూరు గొర్రెలు గలవాడు లెక్కింపకపోయిన యెడల ఒకటి తప్పిపోయినదని అతనికి తెలియనే తెలియదు. దావీదు కూడ లెక్కించెను. అది అతని మనస్సాక్షికి గాయమాయెను. యోవాబువంటి కఠినుడే ఆ పని వద్దని వారించెను. ఈ రెండు లెక్కలకు భేదమేమి? దావీదుకు చేరిన లెక్కలో కత్తి దూయువారి మొత్తము ఉన్నదిగాని ఒక్కని పేరైనను లేదు. కాపరి లేనిదానిని వెదకుటకు లెక్కించును. రాజు ఉన్నవారిని చూచి తన బలము తెలిసికొనుటకు లెక్కించెనని తోచుచున్నది. మన సంఘపు రిజిస్టరు ఏ పనికి వాడబడుచున్నదో మనము చూచుకొనవలెను.

పెరుగుట తరుగుటలను గూర్చి మన తెలుగుదేశపు సంఘచరిత్రలోనే గొప్ప పాఠమున్నది. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1836లో తెలుగువారి మధ్య పని ఆరంభించిరి. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడచినను విశ్వసించినవారు బహు కొద్దిమంది. ఈ పనిని మూసివేయుదమా అను చర్చ వారి స్వదేశములో 1853లోను, మరల 1862లోను వచ్చెను. పటముమీద ఏకాకిగా నున్న ఆ స్థలమునకు "ఒంటరి నక్షత్రము" అను పేరు వచ్చినది. 1854 జనవరి 1న తెల్లవారుచుండగా జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద ఆ ప్రాంతముకొరకు ప్రార్థించిరి. అంతయు ఐదుగురు. జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1న అచ్చట సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

ఆ మీదట యర్రగుంట్ల పేరయ్యగారివంటివారి సాక్ష్యముచేత మాదిగపల్లెలలో సువార్త వ్యాపింపసాగెను. ఇంతలో 1876లో, మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొను మహాక్షామము మొదలై 1878 వరకు పీడించెను. క్లౌ గారు ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొనిరి. వేలకొలది జనము అచ్చట కూలి చేసిరి, వాక్యము వినిరి, బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యలేదు. కూలికొరకును గింజలకొరకును చేరిరను మాట రాకూడదని, ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు ఆపివేసిరి. సహాయపు సొమ్ము పంచుట ముగిసిన తరువాతనే తలుపు తెరచిరి. అప్పుడు గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గొప్ప దినమున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి.

2,222 అను అంకెను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి వెనుకనున్న రెండు సంగతులను అంత తరచుగా చెప్పుకొనము. అంకె చిన్నదని 1853లో పని మూసివేసియుండిన యెడల అది దేవుని చిత్తమని కొందరు నమ్మియుందురు. అంకె పెద్దది కాగలదని 1877లో తలుపు తెరచియుండిన యెడల అదియు దేవుని చిత్తమనియే చెప్పుకొనియుందురు. రెండు వేళలలోను అంకె పలికిన సలహా తప్పు సలహాయే.

అయితే ఓపిక పట్టిన ప్రతివానికిని ఒక 1878 వచ్చునని దీనినిబట్టి తలంపకూడదు. అట్లు తలంచుట కూడ అంకెకే దాస్యము చేయుట. నీతిని ప్రకటించిన నోవహుతో ఓడలోనికి వచ్చినది అతని ఇంటివారే. అతనితో కలిపి ఎనిమిదిమంది. ఆ తరువాత ఆ లెక్క పెరుగుటకు మనుష్యులే మిగులలేదు. అయినను అతడు వ్యర్థముగా ప్రకటించెనని వాక్యము చెప్పలేదు.

ఇక రెండవ వైపు ప్రమాదము. "నాకు లెక్కలతో పని లేదు, గిద్యోనుకు మూడువందలమందియే చాలిరి" అని చెప్పి, ఇండ్లు దర్శింపని ఉపదేశి తన సోమరితనమును కప్పుకొనవచ్చును. గిద్యోను జనమును తగ్గించినది దేవుడు. ఉపదేశి నిర్లక్ష్యము కాదు. రోగిని చూడబోక, తగవు తీర్పక, శనివారము రాత్రి వరకు వాక్యము తెరువక మంద చెదరిపోయిన యెడల దానిని శేషమని పిలుచుట దేవునిమీద నింద మోపుటయే. గనుక లెక్క తగ్గినప్పుడు రెండు మాటలు అడుగుకొనవలెను. సత్యము చెప్పినందున వెళ్లిరా? లేక మనము ప్రేమింపనందున వెళ్లిరా? మొదటిదైన యెడల ధైర్యముతో నిలుతము; రెండవదైన యెడల చెప్పులు తొడుగుకొని వారి ఇంటికి పోదము. లెక్క పెరిగినప్పుడును ఇట్లే అడుగవలెను: వీరు ప్రభువునొద్దకు వచ్చుచున్నారా, రొట్టెయొద్దకా?

సమరయలో జనసమూహములు వినుచుండగా ఫిలిప్పు అచ్చటనుండి అరణ్యమార్గమునకు పంపబడెను. అక్కడ రథములో ఒక్కడే యుండెను. ఆ ఒక్కనికొరకు అతడు పరుగెత్తెను.

అనేకులు వెళ్లిపోయిన దినమున మన ప్రభువు పన్నెండుమందిని చూచి, మీరును వెళ్లగోరుచున్నారా అని అడిగెను. వారిని బ్రతిమాలలేదు, వెళ్లినవారిని తిట్టలేదు. నిత్యజీవపు మాటలు ఆయనయొద్దనే యున్నవి గనుక పోవుటకు వేరొక చోటు లేదని పేతురు ఒప్పుకొనెను. ఆ మాట చెప్పగలవాడు ఒక్కడున్నను అది సంఘమే.

కావున ప్రియులారా, ఈ నెలలో సంఘపెద్దలు కూడినప్పుడు రిజిస్టరు తీయుడి. మొత్తము వేయకముందు పేర్లు చదువుడి. మూడు వారములనుండి రానివారి పేరు వచ్చినచోట ఆగి, వారి యింటికి ఎవరు పోవుదురో అక్కడనే నిర్ణయించుకొనుడి. కోతలకు పోయినవారికొరకు పేరుపేరున ప్రార్థించుడి. మందను తన రక్తముతో కొనిన గొప్ప కాపరి మీ అందరికిని తోడైయుండును గాక. ఆమేన్.